పెరడున్న వ్యాను

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. ఉద్యోగం చేసే ఆడపిల్ల ఏం చెప్పినా ఇంటిల్లిపాదీ నోరు మూసుకుని వింటారని. ఊరి అంచున హూడిలో ఒక కంపెనీలో కొత్తగా చేరాను. మెడలో కార్డు, వీపున లాప్‌టాప్ సంచి, నోట్లో సగం ఇంగ్లీషు. చిక్కపేట వెనక సందులో తాతల కాలం నుంచి పట్టుచీరల అంగడి నడుపుకునే మా ఇంట్లో నన్ను అందరూ 'మేనేజరమ్మా' అని పిలిచేవాళ్ళు (అప్పటికి నా పైన నలుగురు మేనేజర్లు ఉండేవాళ్ళు, నా కింద ఒక కుర్చీ ఉండేది). ఆ పిలుపులో ఎంత ఎగతాళి ఉందో ఇప్పుడు తెలుస్తోంది గానీ, అప్పుడు నిజంగానే మర్యాద అనుకుని తల కొంచెం పైకెత్తి నడిచేదాన్ని.

మా నాన్న తమ్ముడు, అంటే మా చిన్నాన్న, అదే అంగడిలో గల్లాపెట్టె దగ్గర కూర్చుని ఫోనులో వీడియోలు చూసేవాడు. ఎవరో దొరలు వ్యాన్లలోనే కాపురాలు పెట్టి, సరస్సుల పక్కన కాఫీ కాచుకుని తాగుతూ, 'వ్యాను జీవితానికి ఇవి లేకుంటే కుదరదు' అంటూ ఒక్కొక్క సామానూ చూపించే వీడియోలు. చూసిందల్లా తెప్పించేవాడు. రోజూ ఏదో ఒక అట్టపెట్టె ఇంటికి వచ్చేది కనుక ఆయనకు పార్సెల్ చిన్నాన్న అని పేరు పడింది. కడపటికి ఒక పాత స్కూలు వ్యానునే కొనేశాడు. దాని పసుపు మీద బూడిదరంగు కొట్టించినా, ఎండ పడితే చాలు, 'నిదానంగా పోండి, పిల్లలున్నారు' అనే అక్షరాలు పైకి తేలేవి (ఆ పిల్లలెవరని ఎవరైనా అడిగితే నాన్న వేలు చిన్నాన్న వైపు చూపించేవాడు). అందులో పరుపు, గ్యాసు పొయ్యి, నీళ్ళ ట్యాంకు, పైన సోలార్ పలక, పక్కన లాగితే బయటికి వచ్చే గుడ్డ పందిరి, మడత కుర్చీలు అమర్చాడు. అంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత మంచులో టైర్లకు కట్టే గొలుసులు వచ్చాయి. ఆ తర్వాత ఎలుగుబంట్లను బెదిరించే ఈల వచ్చింది.

"పుంగనూరు దారిలో మంచు యాడుండాదిరా?" అన్నాడు నాన్న.

"ఉండనీ అన్నా. ఏ దారి ఎట్లుంటుందో ఎవరికి తెలుసు!"

పుంగనూరు ఎందుకంటే, మొదటి ప్రయాణం అక్కడికేనని నేనే పట్టుబట్టాను. అక్కడ మా చిన్నవ్వ ఉంటుంది, అంటే నాన్నను కన్న మా అవ్వకు తోడబుట్టిన చెల్లెలు. అక్కాచెల్లెళ్ళు ఒకరినొకరు చూసుకుని ఏళ్ళయింది. రోజూ ఫోను మాత్రం తప్పదు. "నువ్వు రాక్కా" అని ఆమె, "నువ్వే రావే" అని ఈమె. "నాకు మోకాళ్ళే" అని ఆమె, "నాకూ మోకాళ్ళేనే" అని ఈమె. ఫోను పెట్టేశాక అవ్వ కొంగుతో కళ్ళు ఒత్తుకునేది. అయితే అవ్వ గదిలోనే పడుకునే నాకు అసలు సంగతి తెలుసు. ఆమె మోకాళ్ళు నావాటికన్నా గట్టివి. రెండంతస్తుల మెట్లు ఎక్కి మిద్దె మీద వడియాలు పెట్టొచ్చే మనిషి. ఆమె భయమంతా దారిలో ఒంటికి పోవాల్సి వస్తే ఎట్లా అని. ప్రయాణమంటే ముందురోజు సాయంత్రం నుంచే మంచినీళ్ళు మానేసేది. ఒకసారి అట్లాగే బస్సెక్కి, ఎండకు కళ్ళు తిరిగి పడిపోయింది. అప్పటి నుంచి ప్రయాణాలే మానేసి మోకాళ్ళ మీదికి తోసింది.

అందుకని చిన్నాన్న సామాన్లలో లేని వస్తువును నేను తెప్పించాను. మూత, కింద గట్టిగా మూసుకునే తొట్టి, నీళ్ళు వదిలే పిడి, అన్నీ ఉన్న పెట్టె మరుగుదొడ్డి. అట్టపెట్టె విప్పగానే ఇల్లు గప్‌చుప్. అమ్మ వీధి తలుపు వేసొచ్చింది. నాన్న పేపరు తలకిందులుగా పట్టుకున్నాడు. ఎలుగుబంటి ఈలకు జాగా ఉన్న వ్యానులో దీనికి జాగా లేదన్నాడు చిన్నాన్న. వీళ్ళందరినీ నేను లెక్కచేయలేదు. అవ్వ మాత్రం ఒక్క మాటతో నన్ను పడగొట్టింది.

"వండేదీ అదీ ఒగే బండిలోనా? దేవుని పటం గూడ పెట్టినాడు మీ చిన్నాన్న. నేను ఎక్కనప్పా."

అదీ నా పరిస్థితి. ఆ పెట్టె లేకపోతే అవ్వ రాదు, ఉంటే ఎక్కదు. కంపెనీలో ఇట్లాంటి చిక్కు వస్తే మీటింగు పెడతారు. నేను అవ్వ పక్కలో చేరి, కాళ్ళు ఒత్తుతూ అడిగాను, "మీ పుట్టింట్లో యాడ ఉండె అవ్వా అది?"

"పెరట్లో. ఇంటికి తగలకుండా. దిగి, చుట్టు తిరిగి పోవాల."

"అయితే వ్యానుకు పెరడు పెడితే?"

అవ్వ లేచి కూర్చుంది. తర్వాత ఒక్కొక్క షరతూ చెప్పింది. గోడ పైకప్పు దాకా ఉండాల. లోపలి నుంచి తలుపు ఉండగూడదు. దిగి, చుట్టు తిరిగే పోవాల. కాళ్ళు కడుక్కునేదానికి బయట చెంబు ఉండాల. వడ్రంగి అంతా విని, "వ్యానులోంచి వ్యానులోకి పోవాలన్నా దిగే పోవాలా మేడమ్?" అని రెండుసార్లు అడిగి, వ్యాను లోపల, వెనక తలుపులకు కొంచెం ముందర ప్లైవుడ్ గోడ కట్టి, ఆ నడుమ పెట్టెను అమర్చి పోయాడు. ఆ గోడ వల్ల చిన్నాన్న పరుపు పొడుగు తగ్గి, ఆయన కాళ్ళు ముడుచుకుని పడుకోవాల్సి వచ్చింది. ఆ కసితో నాతో మాట్లాడటం మానేశాడు. దిగి, చుట్టు తిరిగి పోవడం ఎంత గొప్ప ఏర్పాటో అని నేను మాత్రం మురిసిపోయాను. ఎవరి ముందర దిగాలో, ఎవరు చూస్తుండగా తిరగాలో ఆలోచించనే లేదు.

ఒక ఆదివారం పొద్దున బయలుదేరాం. డ్రైవింగు చిన్నాన్న, పక్కన నాన్న, వెనక అమ్మా అవ్వా నేనూ. కె.ఆర్.పురం దాటాక ఒక పైవంతెన ఎక్కామో లేదో, బళ్ళన్నీ ఆగిపోయాయి. ముందర ఏదో లారీ అడ్డంగా చెడిపోయి నిలబడిందట. రోజూ ఆఫీసుకు పోయే దారే కనుక నాకు అలవాటే గానీ, ఆ రోజు ఆగడం మామూలు ఆగడం కాదు. ఇంజన్లు ఆపేశారు. జనం దిగి నిలబడ్డారు. చిన్నాన్న మొహం వెలిగిపోయింది. వీడియోల్లో సరస్సు పక్కన వేసుకునే మడత కుర్చీలను పైవంతెన మీద, రెండు బళ్ళ నడుమ వేశాడు. అమ్మ పొయ్యి వెలిగించి కాఫీ కలిపింది. పక్కన స్కూటరు మీదున్న ఒకాయన వాసనకు తల తిప్పితే ఆయనకూ ఒక లోటా ఇచ్చాం. "ఇంటికాడ ఉండింటే ఈపాటికి నాలుగు చీరలు మడిచుందును" అన్నాడు నాన్న, కాళ్ళు చాపుకుంటూ. వద్దు వద్దంటున్న అవ్వ చేత కూడా, పెరడుంది కదా అని బతిమాలి బలవంతాన ఒక లోటా కాఫీ తాగించాను. ఆ కాఫీయే మమ్మల్ని కష్టంలో పడేసింది.

ఎండెక్కింది. బళ్ళు కదల్లేదు. అవ్వ మాటలు తగ్గాయి, తర్వాత ఆగిపోయాయి. మడమలు దగ్గరికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని ఏదో జపిస్తోంది. నాకు అర్థమైంది.

"పోదామా అవ్వా?"

"సుమ్నే ఉండు, నోరెత్తొద్దు. ఆ డ్రైవరు మన పెరటి తలుపు పక్కే చూస్తా ఉండాడు."

తొంగి చూశాను. మా వెనకే పెళ్ళివాళ్ళ బస్సు. దాని డ్రైవరు స్టీరింగు మీద మోచేతులాన్చి, మా వెనక తలుపులకేసే చూస్తున్నాడు. చూడటానికి పాపం ఆయనకు ఇంకేమీ లేదు మరి. బస్సు నిండా పట్టుచీరలు, కిటికీకి రెండు తలలు. ఇంతమంది ముందర దిగి, చుట్టు తిరిగి, ఆ తలుపు తీసి లోపలికి పోవడమంటే మా అవ్వకు చచ్చినంత పని. నాకు ఏడుపొచ్చింది. ఈమెను నమ్మించి కాఫీ తాగించింది నేనే. ఈ రోజు ఆమెకు తలవంపులైతే ఇక బతికినంతకాలం గడప దాటదు, చెల్లెలి ముఖం చూడదు.

అప్పుడే ఆ బస్సులోంచి ఒక పిల్ల దిగింది. నిండు నెలలు. వెంట వాళ్ళ అత్త. ఇద్దరూ అటు చూశారు, ఇటు చూశారు. పైవంతెన మీద చెట్టు లేదు, అంగడి లేదు, గోడ వెనకంటూ లేదు. ఆ పిల్ల నడుము పట్టుకుని మళ్ళీ బస్సు మెట్టు మీదే కూలబడింది. అవ్వ కళ్ళు తెరిచి, కిటికీలోంచి ఇదంతా చూసింది.

"మేనేజరమ్మా," అంది, ఎన్నడూ లేనంత గట్టి గొంతుతో, "ఆ బిడ్డను పిల్చుకోని రా పో. ఒరే చిన్నోడా, ఆ పందిరి ఊడపెరికి వెనకాల కట్టు. నువ్వు రారా పెద్దోడా, గుంజ పట్టుకో."

అంతే, కుటుంబమంతా లేచింది. వెనక రెండు తలుపులూ బార్లా తెరిచి, వాటి మీదుగా గుడ్డ పందిరి దించి, చిన్నాన్న ఒక గుంజ, నాన్న ఒక గుంజ పట్టుకుని, బస్సు డ్రైవరుకు ఎదురుగా మా పెరటికి వీపు పెట్టి నిలబడ్డారు. పెద్ద అంగడి యజమాని మా నాన్న, ఉత్సవంలో గొడుగు పట్టినవాడిలా నిటారుగా, కదలకుండా. ఆ డ్రైవరుకు సిగ్గేసి తల తిప్పుకున్నాడు. నేను ఆ పిల్లను తీసుకొచ్చాను. అవ్వ దిగింది, చుట్టు తిరిగింది, పందిరి ముందర ఆగి ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసింది.

"కొత్త వస్తువమ్మా, నువ్వు భయపడతావు. ముందు నేను పోయి చూసొస్తా, ఎట్లుండాదో."

పోయింది. అమ్మా నేనూ ఊపిరి బిగబట్టాం. కొంతసేపటికి పిడి లాగిన చప్పుడైంది. అవ్వ బయటికొచ్చి, చెంబు నీళ్ళతో తీరిగ్గా కాళ్ళు కడుక్కుని, "బాగుండాది. పో తల్లీ" అంది. ఆ ముఖంలో ఎన్నో ఏళ్ళ బరువు దిగిన తేలిక నేను చూశాను.

ఇక చూడాలి! ఆ పిల్ల తర్వాత వాళ్ళ అత్త, అత్త తర్వాత బస్సులోని ఆడవాళ్ళంతా. పట్టుచీరల వరుస మా వ్యాను చుట్టూ తిరిగింది. అవ్వ మడత కుర్చీ వేసుకుని పెరటి వాకిట్లో కూర్చుని తెలుగులో ఒకసారి, కన్నడలో ఒకసారి అందరికీ నేర్పించింది. "పిడి ఉండాది చూడు, అది లాగాల. నీళ్ళు ఎచ్చుగా పొయ్యొద్దు. కాళ్ళు కడుక్కో." ఇంత మంచి ఏర్పాటు ఎవరిదని ఎవరో అడిగితే, "మా మనవరాలిది. పెద్ద కంపెనీలో మేనేజరు" అంది. ఈసారి ఎగతాళి లేదు. బస్సులోని ఒకరిద్దరు మగవాళ్ళు కూడా సిగ్గుపడుతూ వరుసలోకి వచ్చారు. "మీకు దేశమంతా ఉండాది గదప్పా. దీన్ని మాకొదిలేయండి" అంది అవ్వ. నవ్వుకుంటూ వెళ్ళిపోయారు.

బళ్ళు కదిలేవేళకు పెళ్ళివాళ్ళు అవ్వకు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ, తాంబూలం చేతిలో పెట్టారు. వ్యాను ఎక్కగానే అవ్వ అంది, "మంచినీళ్ళు ఇయ్యి మే. దప్పికయితా ఉండాది." ఇచ్చే తొందరలో నేను సగం ఒలకబోశాను. చిన్నాన్న ముందు సీట్లోంచి నాతో మాట్లాడాడు కూడా. "పరుపు పొట్టిదయినా పరవాలేదులే" అన్నాడు.

పుంగనూరు చేరేసరికి పొద్దు వాలింది. చిన్నవ్వ వాకిట్లోనే నిలబడి ఉంది. "ఏమక్కా, మోకాళ్ళు ఎట్లుండాయి?"

"మోకాళ్ళకేమే, బాగానే..." అనేసి అవ్వ నాలిక్కరుచుకుంది. అందరినీ అటుపక్కకు పొమ్మని, చెల్లెలి చెయ్యి పట్టుకుని వ్యాను వెనక్కి తీసుకెళ్ళి తలుపులు తెరిచింది (నేను మాత్రం అక్కడి నుంచి కదల్లేదు. ఇట్లాంటివి వదులుకునే రకాన్ని కాదు). చిన్నవ్వ వంగి, ఆ పెట్టెను చాలాసేపు చూసింది. మూత ఎత్తి చూసింది. పిడి ముట్టుకుంది. నెమ్మదిగా అక్క వైపు తిరిగింది.

"నీకూ ఇదేనా అక్కా?"

"ఏమే, నీకూనా? మోకాళ్ళన్నావు గదే!"

"నువ్వూ మోకాళ్ళే అన్నావు గదా!"

ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. నవ్వుతూ నవ్వుతూనే చిన్నవ్వ ఏడ్చింది. "ఎన్నేండ్లు పోగొట్టుకుంటిమక్కా, నోరు తెరిచి ఒగ మాట చెప్పుకోలేక." అవ్వ చెల్లెలి జడ వెనక్కి వేసి నిమిరింది. మర్నాడు మేము తిరిగి బయలుదేరే వేళకు, మా అందరికన్నా ముందు చిన్నవ్వ సంచితో సహా వ్యానులో కూర్చుని ఉంది.

అంతకు ముందు, పుంగనూరు చేరిన రాత్రి ఇంకొక పని మిగిలింది. ఆ తొట్టిని ఖాళీ చేయాలి కదా. వీడియోల్లో ఆ భాగం ఎవరూ చూపించరు. ఇంట్లో ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. నేనే తీశాను. ఒక బస్సు పెళ్ళివాళ్ళు నింపిన తొట్టి, మాటలా! రెండు చేతులా పట్టుకుని, బరువుకు వంగిపోతూ, చిన్నవ్వ ఇంటి పెరట్లోని మరుగుదొడ్డికి నడిచాను. నాన్న ముందు పరిగెత్తి తలుపు తీశాడు. ఇప్పుడు ఆఫీసులో అప్పుడప్పుడూ నాకు గాజు ఫలకాలు ఇస్తుంటారు. ఏదో పని అనుకున్న టైముకు ముగిసిందని. వేదిక ఎక్కి, నవ్వుతూ పట్టుకుంటాను, ఫొటో తీస్తారు. ఆ ఫొటోల్లో నా నవ్వు చూసుకుంటే ఏదో అరువు తెచ్చుకున్నట్టే ఉంటుంది. పుంగనూరు పెరట్లో నన్నెవరూ ఫొటో తీయలేదు. తీసి ఉంటే ఎంత బాగుండేది. నిండు తొట్టి మోసుకుంటూ, ముక్కు ఒక పక్కకు తిప్పుకుని, లోకాన్ని గెలిచినట్టు పళ్ళన్నీ బయటపెట్టి నవ్విన ఆ పిల్లను ఒక్కసారి చూసుకుని ఉందును.