కలవని చార

మొన్న ఇక్కడ, ఈ అరబ్బు దేశంలోని అల్ రాయ్‌లో టైల్స్ కోసే షెడ్డు పక్కనుంచి నడుస్తుంటే తడిసిన రాతిపొడి వాసన వచ్చింది. నిలబడిపోయాను. అర్దియాలో నేను పనిచేసిన ఇంట్లో, వంటగది వెనక గదిలో, చెకుముకి రాతి ముక్కలు కడిగేటప్పుడూ ఇదే వాసన.

ఆ ఇంటి యజమానురాలిని, ఇక్కడి ఇళ్లలో పనిచేసే అందరిలాగే నేనూ మామా, అంటే అమ్మా అని పిలిచేదాన్ని. ఆమె పురావస్తు పరిశోధకురాలు. చూపు మందగించాక కూడా పని ఆగకూడదని, ఎడారి తవ్వకాల్లో దొరికిన రాతి ముక్కల పెట్టెలను అనుమతి తీసుకుని ఇంటికి తెప్పించుకున్నారు. దుమ్ము దులపడానికి వెళ్లి, ఆ పని మరిచి పుస్తకం చదువుతున్న నన్ను చూసి, తన బల్ల దగ్గర కూర్చోబెట్టుకున్నారు. వంట చేసే రాయచోటి ఖైరూనక్క నవ్వేది. "ఏం పాపా, ఈ ఇంటి పిల్లోళ్లకు పోసేది చాలక రాళ్లకూ నీళ్లు పోస్తాండావా?"

మామా చెప్పింది అరబ్బీలోనే అయినా నాకు తెలుగులో గుర్తుంది. "ఇది పెద్ద రాయి. ఇది ఏదో రాయి నుంచి కొట్టి తీసిన పెచ్చు. ఒకే చోట దొరికిన రాయీ పెచ్చూ ఒకదానికొకటి అతికితే, ఆ మనిషి అక్కడే కూర్చుని పనిముట్టు చేసుకున్నట్టు." అలాంటి జతలు చాలా దొరికితే, ఆదిమానవులు దారిన పోతూ ఊరికే ఆగినవాళ్లు కాదు, అక్కడే కాపురమున్నారని చెప్పొచ్చు. ఆమె ఏళ్ల తరబడి అంటున్నది అదే. తోటివాళ్లు ఒప్పుకోలేదు. చూపు పూర్తిగా పోకముందే మొదటి జత దొరకాలని ఆమె ఆశ.

ఒక మధ్యాహ్నం రెండు ముక్కలు ఆమె వేళ్ల మధ్య ఒదిగిపోయాయి. బొటనవేలితో అతుకు తడుముతూ "దొరికింది, చూడు" అన్నారు. ముఖం చిన్నపిల్ల ముఖంలా వెలిగింది. నేను దీపం కిందికి వంగాను. రాయిలోని గోధుమరంగు చార అంచుదాకా వచ్చి ఆగిపోయింది. పెచ్చులో దాని జాడే లేదు.

పనిచేసే పిల్ల మామాకు ఎదురు చెప్పదు. పైగా, అవునంటే ఆమె ఎంత సంతోషించేవారో.

"కలవలేదు మామా. చార ఆగిపోయింది."

"మళ్లీ చూడు."

"చూశాను మామా. కలవలేదు."

ఆమె చాలాసేపు ఆ ముక్కలను వదల్లేదు. తర్వాత వాటిని విడివిడిగా బల్ల మీద పెట్టి, నా చేయి వెతికి పట్టుకున్నారు. "నిన్ను కూర్చోబెట్టుకుంది చూడమనే కదా బిడ్డా. నన్ను చూసి జాలిపడకు. ఖలాస్, అయిపోయింది, ఇంకో పెట్టె తియ్యి. యల్లా, కానియ్యి."

జత దొరకలేదు. ఆమె కన్నుమూసేనాటికి ఇంకా తెరవని పెట్టెలు ఉన్నాయి. చివరి వ్యాసంలో, ఆ మనుషులు అక్కడ ఉన్నారో, దాటిపోయారో ఇంకా చెప్పలేనని కూతురి చేత రాయించారు.

ఇక్కడి నుంచి ఇంటికి ఫోన్ చేస్తే, పనికొచ్చిన మేమంతా చెప్పేది ఒకటే, బాగున్నామని. నేనూ నా డైరీకి తప్ప ఎవరికీ నిజం చెప్పేదాన్ని కాదు. ఇప్పుడు అమ్మ "బాగుండావా పాపా?" అంటే, బాగున్న రోజు బాగున్నానంటాను. లేని రోజు "లేదుమా" అంటాను. అప్పుడు అమ్మ, "చెప్పు పాపా, వింటాండా" అంటుంది.