ఆగని ఏడోచోటు

మార్చి 4, మధ్యాహ్నం. ఇస్సాకును సాగనంపాం. ఉన్నవారు: నేను, మంచం మోసిన నలుగురు, మా ప్రార్థన ఇంటి మగవాళ్లు పదకొండుమంది. ఏడుచోట్ల ఆగాం.

పదమూడేళ్ల కిందటి నా డైరీలో ఈ పుట ఉంది. అన్నేళ్లుగా దీన్ని మోస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను. చివరి వాక్యం అబద్ధం.

మా ఊళ్లో యూదులుగా బతికే ఇళ్లు కొన్నే. శవాన్ని మంచం మీద మోసుకెళుతూ తొంభై ఒకటో కీర్తన చదువుతాం. దారిలో ఏడుసార్లు మంచం నేలకు దించి ఆగుతాం. నీ దారులన్నింటా నిన్ను కాపాడమని దేవుడు తన దూతలకు చెబుతాడని అందులో ఒక వాక్యం ఉంది. హెబ్రీలో అది ఏడు మాటలు. మొదటిచోట ఒక మాట, రెండోచోట రెండు, అలా పెంచుకుంటూ ఏడోచోట వాక్యం పూర్తిచేస్తాం. చివరి మాటకు అర్థం 'నీ దారులు'. తెలుగు అక్షరాల్లో రాసుకున్న ఆ కాగితం నా దగ్గరే ఉండేది. ఎన్నిసార్లు ఆగామో గుర్తుపెట్టుకునేదీ నేనే.

ఏడోచోటు నా మిర్చి కల్లం పక్కన వచ్చింది. ఆ ఏటి కాయంతా అక్కడే ఆరబోసి ఉంది. శవం ఆగినచోట కాయ తెల్లబడి తాలుపోతుందని చుట్టుపక్కల అంటారు. నేను నమ్ముతానా? నమ్మనని అందరికీ చెప్పేవాణ్ణి. మరి మంచం దించమని ఎందుకనలేదు? ఏడూ అయిపోయాయి, నడవండి అన్నాను. నడిచారు. నా మాట మీద ఎవరికీ అనుమానం రాదు.

సాయంత్రం ఇస్సాకు భార్య రిబ్కా అడిగింది.

"ఏడుచోట్లా ఆగారా అన్నయ్యా? ఆయనకసలే దారి గుర్తుండదు. చీరాల వెళ్లమంటే బాపట్లలో దిగే మనిషి."

"ఆగామమ్మా. డైరీలో రాశాను కూడా."

"మీరు రాశారంటే ఇంకేం."

ఏడుస్తూనే కాస్త నవ్వింది. ఆ నవ్వు చూసి కూడా నేను ఎందుకు నోరు విప్పలేదో, ఎన్నిసార్లు వెతుక్కున్నా భయం తప్ప మరో కారణం దొరకలేదు.

మర్నాడు పొద్దున్నే కల్లానికి వెళ్లాను. ఎర్రటి కాయ నడుమ నాలుగు గుంటలు. మంచం కోళ్ల మధ్య ఉండేంత ఎడం. అడుగున మట్టి కనబడుతోంది. చుట్టూ కాయ కదల్లేదు, ఒక్క అడుగుజాడ లేదు. ఏ కాయా తాలుపోలేదు. కాగితం జేబులోనే ఉంది. మిగిలిపోయిన ఆ ఒక్క మాట అప్పుడైనా చదవొచ్చు. చదివితే వినేవాడు అక్కడే ఉన్నాడనిపించింది. చదవలేదు. కాయ లాగి గుంటలు పూడ్చేశాను. ఇంటికొచ్చి, ఎండ బాగుంది అని మాత్రం డైరీలో రాశాను.

ఆ మాట కింద ఈరోజు ఇంకోటి రాశాను. ఆరుచోట్లే ఆగాం.