అక్క ఊపిరితిత్తులు కడిగిన నీళ్ళు

మా అక్క మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్ళేది. గుంటూరు శివార్లలో కోల్డ్ స్టోరేజీల పక్కన రేకుల షెడ్లుంటాయి. ఆడవాళ్ళు ముక్కుకీ నోటికీ కొంగు బిగించుకుని పొద్దుగూకే దాకా ఆ షెడ్లలో కూర్చుంటారు. అక్కడ దగ్గని మనిషి ఉండదు. అందుకే అక్క దగ్గుని ఎవరూ పట్టించుకోలేదు, అక్క కూడా.

నేను గుంటూరులోనే ఒక వైద్య కళాశాల పరిశోధనశాలలో టెక్నీషియన్ని. ఊపిరితిత్తుల జబ్బుతో వచ్చినవాళ్ళకి సన్నటి గొట్టం లోపలికి దించి, ఉప్పునీళ్ళు పంపి, మళ్ళీ వెనక్కి లాగుతారు. అలా కడిగిన నీళ్ళలో సగం ఆసుపత్రి ల్యాబుకి పోతాయి. వాళ్ళు మైక్రోస్కోపులో క్యాన్సర్ కణాల కోసం చూస్తారు. మిగతా సగం మాకొస్తాయి. కణాలు కంటపడకముందే క్యాన్సర్‌ని పట్టించే గుర్తు ఆ నీళ్ళలోని ప్రొటీన్లలో దొరుకుతుందా అని మేం వెతుకుతాం.

అక్క ఎక్స్‌రేలో మచ్చ కనబడితే వాళ్ళ ఊరి డాక్టరు టీబీ అన్నాడు. కఫంలో క్రిములు లేకపోయినా మాత్రలు మొదలుపెట్టాడు. ఆ మాత్రలకి మూత్రం ఎర్రగా వస్తుంది. "మిరపకాయ రంగు లోపలికి కూడా దిగిందే" అని అక్క నవ్వింది. నెలలు గడిచినా మచ్చ కరగలేదు. నేనే మా ఆసుపత్రికి తీసుకొచ్చాను.

"చుట్టా, బీడీ అలవాటుందా?" అని డాక్టరు అడిగాడు.

"అవేం మాటలండీ. పత్తికట్టె పొయ్యి పొగ తప్ప నేనేం పీల్చానని?" అంది అక్క. ఆ మాటకి రెండు రోజులు ఉడుక్కుంది.

గొట్టం వేసే ముందు పరిశోధనకి కొంచెం నీళ్ళు తీసుకుంటామని మావాళ్ళు కాగితం ఇచ్చారు. "మా చెల్లెలు చేసేచోటే కదా, తీసుకోండి" అని అక్క చదవకుండానే సంతకం పెట్టేసింది.

ఆసుపత్రి ల్యాబులో క్యాన్సర్ కణాలు లేవని వచ్చింది. ఆ ఆదివారం అక్క తెల్లచీర కట్టుకుని చర్చిలో నిలబడి, ప్రభువు తనని తప్పించాడని సాక్ష్యం చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను గానీ నాకు నెమ్మది లేదు. నీళ్ళు బాగున్నంత మాత్రాన మచ్చ ఎక్కడికి పోతుంది?

మర్నాడు డాక్టరు దగ్గరికెళ్ళి, మచ్చ ఉన్నచోట చిన్న ముక్క తీసి చూడమని అడిగాను. "కడిగిన నీళ్ళలో ఏమీ లేదు కదమ్మా, కొన్నాళ్ళు ఆగి చూద్దాం" అన్నాడు. అక్కడినుంచి మా ప్రొఫెసరు గదికి వెళ్ళాను. అక్క శాంపిలున్న బ్యాచ్‌ని ముందుగా పరీక్షకి పంపమన్నాను.

"నంబరు వేశాక ఏది ఎవరిదో నీకు తెలియకూడదు. తెలిసినా ఏం లాభం? మన పరీక్ష ఇంకా రుజువు కాలేదు. దాన్ని నమ్మి ఎవరైనా మందులిస్తారా?" అన్నాడాయన.

ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. తప్పు లేదు కాబట్టే బయటికొచ్చేశాను.

అక్క మళ్ళీ తొడిమలు తీయడానికి వెళ్ళింది. మిరప కోతలు అయిపోకముందే ఊపిరాడడం కష్టమైంది. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరింది. ఈసారి సూదితో తీసిన నీళ్ళలో కణాలు గుంపులుగా కనబడ్డాయి. అప్పటికే ఎముకలకి పాకింది. సాక్ష్యం చెప్పిన మనిషి ఇప్పుడు ఏమనాలో తెలియక, చర్చివాళ్ళు ప్రార్థనకి వస్తే గోడవైపు తిరిగి పడుకునేది. తొలకరికి బావ పత్తి గింజలు వేసే వేళకి అక్క లేదు.

ఏడాది తర్వాత మా ఫలితాలు వచ్చాయి. మీటింగులో ప్రొఫెసరు తెరమీద ఒక గీత చూపించాడు. మిగతావాటికంటే బాగా ఎత్తుగా లేచింది. "ఈ పేషెంటుకి కణాల పరీక్షలో ఏమీ దొరకలేదు. మన ప్రొటీన్ మాత్రం చెప్పింది. ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు" అన్నాడు. కుర్రడాక్టర్లు ఫోటోలు తీసుకున్నారు. కింద ఉన్న నంబరు నాకు తెలుసు. అక్క నీళ్ళున్న చిన్న సీసా మీద దాన్ని అంటించింది నేనే.

"సార్, ఆవిడ మా అక్క" అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి, "అందుకేనమ్మా, మన పని ఎంత ముఖ్యమో చూడు" అన్నాడు. తర్వాతి బొమ్మకి వెళ్ళిపోయాడు.

ఈ సంగతి బావకి చెప్పకుండా ఉండలేకపోయాను. చేలో మందు కొట్టి వచ్చి అరుగుమీద కూర్చుని ఉన్నాడు. అంతా విని, "ఆ నీళ్ళు ఇంకా ఉన్నాయా?" అని అడిగాడు.

"కొంచెం ఉన్నాయి బావా. ఫ్రీజర్లో."

"తెచ్చియ్యి. సమాధి దగ్గర పోస్తాను. దానిది ఏదీ వాళ్ళ దగ్గర ఉండొద్దు."

నేను ల్యాబులో అడిగాను. నిబంధనలు ఒప్పుకోవన్నారు. శాంపిల్ పరిశోధనకి చెందుతుందట, అక్క సంతకం కూడా ఉందట. ఆ మాట వెళ్ళి చెప్తే బావ నన్ను పైనుంచి కిందికి చూసి, "నువ్వు కూడా వాళ్ళ మనిషివే" అన్నాడు. ఆ తర్వాత మాట్లాడలేదు. ఆ ఏడాది వర్ధంతి ప్రార్థనకి నాకు కబురు రాలేదు.

ఉద్యోగం మానలేదు. మానితే ఇల్లు గడవదు. ఇప్పుడు సంతకానికి కాగితం చేతికిచ్చే ముందే ప్రతివాళ్ళకీ చెప్తున్నాను: "మా దాంట్లో ఏం తేలినా మీకు చెప్పరండీ." కొందరు లేచి వెళ్ళిపోతున్నారు. ప్రొఫెసరు పిలిచి, అలా మొదట్లోనే బెదరగొట్టొద్దన్నాడు. సరేనన్నాను గానీ, చెప్పడం ఆపలేదు.

మొన్న చీమకుర్తి నుంచి రాయి కోసే మనిషి ఒకతను వచ్చాడు. మాట మాటకీ ఆయాసపడుతున్నాడు.

"మాకు చెప్పకపోతే మరి ఎవరికి చెప్తారండీ?" అన్నాడు.

"పత్రికల్లో రాస్తారు. డాక్టర్లు చదువుతారు."

ఆయన కాగితం దగ్గరికి లాక్కున్నాడు. "రాసుకోనీండి" అని, పెన్ను కోసం చెయ్యి చాపాడు.