నాన్న చేసిన కిటికీ

తొంభైల మొదట్లో భిలాయిలో, క్యాంప్ 1 దాటాక రైలు పట్టాల పక్కన ఒక గుడిసె ఉండేది. పట్టాల కింద వేసే పాత చెక్క స్లీపర్లు నిలబెట్టి గోడలు, ఉక్కు ప్లాంటులో పారేసిన కన్వేయర్ బెల్టు ముక్కలతో కప్పు, నూనె డ్రమ్ము కోసి సాపు చేసిన రేకు తలుపు. దాన్ని చూస్తే నాకు ఒళ్ళు మండేది.

మా నాన్న సెలవురోజంతా అక్కడే మరి. ఆయన ప్లాంటులో ఫిట్టరు. గుడిసెలో ఉండే ఆయన శ్రీకాకుళం వైపు మా ఊరివాడే, పట్టాల పనికి వచ్చిన కూలీ. నాన్న పనిముట్ల సంచి సైకిలుకు తగిలించుకుపోయి, ఆ స్లీపరు గోడకు కిటికీ పెట్టాడు. అచ్చం రైలు పెట్టెలో ఉన్నట్టే, పైకెత్తే షట్టరు! ఆ ఇంటి పిల్ల నాకంటే రెండేళ్ళు చిన్నది. బండి కూత వినబడితే చాలు, షట్టరెత్తి మొహం బయట పెట్టేది.

"దీదీ, దేఖో! మావయ్య నాకే సేసేడు."

మావయ్యట! మా క్వార్టర్లో నాన్న ఒక్క మేకు కొట్టిన పాపాన పోలేదు. క్యాలెండరు కూడా తలుపు గడియకే వేలాడేది. నాకూ అలాంటి కిటికీ కావాలని ఆ సాయంత్రమే అడిగాను.

"ఈ గోడ మనదేటమ్మా? ప్లాంటుది. కాళీ సేసిననాడు అన్నీ సూత్తారు."

"వాళ్ళ గుడిసె మాత్రం? రైల్వే జాగా కాదా?"

నాన్న నవ్వేశాడు. మర్నాడు ఆయన డ్యూటీకెళ్ళగానే పొత్రంతో నా మంచం పైన మేకు దిగ్గొట్టాను. రూపాయి బిళ్ళంత పెచ్చు ఊడింది. నాన్న చూసి తిట్టలేదు. నా స్కూలు సంచి ఆ మేకుకు తగిలించాడు.

నేను కాలేజీలో ఉండగా ఆయన రిటైరయ్యాడు. క్వార్టరు అప్పగించే ముందు అందరూ చేసే పనే చేశాడు. మేకు పీకి, చిల్లులో టూత్‌పేస్టు కూరి, వేలితో సాపు చేసి, సున్నం రాశాడు. చూడ్డానికొచ్చినాయన గోడంతా తడిమి "సబ్ ఠీక్ హై" అన్నాడు. అన్నేళ్ళు బతికిన ఇంట్లో మేమున్న గుర్తు ఒక్కటీ మిగల్లేదు.

విశాఖ రైలెక్కాం. క్యాంప్ వైపు రాగానే నాన్న చంటిపిల్లాడిలా లేచి నిలబడ్డాడు.

"అదిగో, అదే నా కిటికీ!" అన్నాడు, పెట్టెలో అందరికీ వినబడేలా.

నేను మా షట్టరు దించేశాను.

"దుమ్ము," అన్నాను.

నాన్న రాయపూర్ దాకా ఆ మూసిన రేకునే చూస్తూ కూర్చున్నాడు.