గడపలో నిలబడిన రెడ్డెప్ప

స్టీలు పళ్ళెంలో గట్టివేవైనా పడి గలగలమంటే నాకు ముందు జరీనా అక్క గుర్తొస్తుంది, ఆ వెంటనే ముఖం వేడెక్కుతుంది. మొన్న కుప్పంలో మా ఆవిడ ఎండు శనగలు పళ్ళెంలోకి ఒంపుతుంటే అదే జరిగింది. ఏమైందని అడిగింది. ఏం లేదన్నాను. భార్యకు చెప్పుకోలేని సంగతులు నాకు ఎక్కువ లేవు గానీ, ఇది మాత్రం ఎప్పుడు చెప్పబోయినా గొంతు దాటదు.

మదనపల్లెలో మేము అద్దెకున్న ఇంటి పైవాటాలో ఉండేది జరీనా అక్క. బెంగుళూరులో ఉద్యోగం చాలించి, తల్లిని చూసుకోవడానికి వచ్చేసింది. వస్తూ వస్తూ సామానుతో పాటు ఒక ఆటను తెచ్చింది. దానికి బోర్డుండదు, పేకముక్కలుండవు. ఒకరు కథ నడుపుతారు, వాళ్ళను గేమ్ మాస్టర్ అంటారు. మిగిలినవాళ్ళు కథలో తలా ఒక పాత్ర. ఫలానా పని చేస్తానని నోటితో చెప్పాలి, అది కుదిరిందా లేదా అన్నది పాచికలు తేలుస్తాయి. దొంగలూ కోటలూ దయ్యాలూ అన్నీ గేమ్ మాస్టర్ నోట్లోంచే పుట్టాలి. పాచికలు దొర్లి మంచం కిందకు పోతున్నాయని అక్క స్టీలు పళ్ళెం పెట్టేది. మహా టెక్కు మనిషి. ఆట మధ్యలో ఎవరైనా ఫోను తీస్తే, "పోయి టమేటా మండీలో కూర్సో పో. ఆడైతే ఎంతసేపైనా సూసుకోవచ్చు" అని లేపేసేది. ఆమె చేతి సమోసాల కోసం ఆ మాటలన్నీ పడేవాళ్ళం.

ఆదివారం మధ్యాహ్నాలు ఆడేవాళ్ళం. రెడ్డెప్ప పుంగనూరు నుంచి బస్సులో వచ్చేవాడు. అతని అమ్మానాన్నలు తంబళ్లపల్లె వైపు కూలికి పోయి చదివించారు, అతను కరెంటాఫీసులో గుమాస్తా అయ్యాడు. సెల్విది కుప్పం, మదనపల్లెలో ఒక ఆస్పత్రిలో నర్సు. అందరికంటే ఆఖర్న చేరినవాణ్ణి నేను. కథలో రెడ్డెప్ప బల్లెం పట్టిన కాపలావాడు, సెల్వి వైద్యురాలు. ఏ పోట్లాట వచ్చినా రెడ్డెప్పది ఒకటే ఎత్తు. దగ్గర్లో ఉన్న గడప చూసుకుని అడ్డంగా నిలబడతాడు. కోటయితే దిడ్డి తలుపు, గుహయితే గుహ నోరు. శత్రువులు ఒక్కొక్కరే రావాలి, వచ్చినవాణ్ణి వచ్చినట్టే పొడుస్తాడు.

అక్క కంట్లో పొర తీయించుకున్నప్పుడు గేమ్ మాస్టర్ కుర్చీ నాకిచ్చింది. "నువ్వు నడుపప్పా, నేను పక్కన కూర్సోని ఇంటా" అంది. నాకు కొమ్ములొచ్చాయి. వారమంతా కూర్చుని ఒక పెద్ద ముట్టడి అల్లాను. రెడ్డెప్ప గడపలో నిలబడ్డాడు, నా ముట్టడి టీ చల్లారేలోపు ముగిసిపోయింది. మరుసటి వారం కూడా అంతే. నా కథను కాలికింద వేసి తొక్కుతున్నాడని ఒళ్ళు మండింది. ఆ పై వారం ప్రతి గడప కిందా గొయ్యి తవ్వించాను, దూలాలకు నిప్పు పెట్టించాను. రెడ్డెప్ప కొంచెం ఆలోచించి, "అట్లయితే పక్క గది గడపకాడ నిలబడతా" అన్నాడు.

"పాడిందే పాడరా పాచిపళ్ళ దాసరా అన్నట్టు, నీకు ఇంకేమీ రాదా రెడ్డెప్పా? మనిషివా, తలుపు చెక్కవా?" అన్నాను. నవ్వుతుందేమోనని సెల్వి వైపు చూశాను. ఆమె నవ్వలేదు. రెడ్డెప్ప మాత్రం నవ్వి, "నాకు తెలిసింది అంతేలే సామీ" అన్నాడు. బస్సుకు టైమయిందని లేచి వెళ్ళిపోయాడు. తర్వాతి ఆదివారం రాలేదు, ఆ తర్వాతా రాలేదు.

నల్లద్దాలు పెట్టుకుని కూర్చున్న అక్క ఒకరోజు నన్ను పైకి పిలిచింది.

"వాడు యాల గడపకాడ నిలబడతాడో ఎప్పుడన్నా అడిగితివా?"

"గెలవడానికే కదక్కా."

"గెలిసేదానికా! నువ్వు చేరకముందు ఒకసారి దొంగల మూకను తోలినా. ముందుగా సెల్వి పాత్రనే సంపేసిరి. ఆ వారమే ఆస్పత్రిలో ఆ పిల్ల సూసుకుంటాండిన బిడ్డొకటి పోయుండె. ఆటలో కూడా నన్ను బతకనీరా అక్కా అని ఒకటే ఏడుపు. ఆ పొద్దు నుంచి వాడు గడప ఇడిసిపెట్టలా. ఆ పిల్ల వాని ఎనకాల ఉంటాది, సూడలేదా?"

చూడలేదు. నా గోతులూ నా నిప్పూ చూసుకోవడంతోనే సరిపోయింది నాకు. తల కొట్టేసినట్టయింది.

"నా తరఫున నువ్వు సారీ చెప్పక్కా" అన్నాను.

"నేను సెప్పను. నా ఆటకు ఒక పద్ధతి ఉండాది. ఎగతాళి పడినోడు కథ నడపల్ల, ఎగతాళి చేసినోడు వాని చేతికింద ఆడల్ల." అక్కడే రెడ్డెప్పకు ఫోను చేసి రమ్మంది. అక్క రమ్మంటే రాననే ధైర్యం ఎవరికీ లేదు.

రెడ్డెప్ప వచ్చాడు. తడబడుతూ కథ ఎత్తుకున్నాడు. నేనూ సెల్వీ పాడుబడ్డ సత్రంలో చిక్కుకున్నాం, చుట్టూ దొంగలు. నేను చేసినవన్నీ ఇప్పుడు నాకు అప్పజెబుతాడనుకున్నాను. ఎంత ఆలోచించినా ఒక్క ఉపాయం తట్టలేదు.

"తలుపేమైనా ఉందా?" అన్నాను. నోట్లోంచి వచ్చాకే ఏమడిగానో తెలిసింది. సెల్వి చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. గొయ్యి ఉందని చెప్పవచ్చు రెడ్డెప్ప, నిప్పంటుకుందని చెప్పవచ్చు. నా ముఖం వైపు చూశాడు.

"ఉండాది సామీ. గట్టి తలుపే. గడప రాతిది" అన్నాడు.

ఆ గడపలో నిలబడ్డాను. దొంగలు ఒక్కొక్కరే వచ్చారు, ఒక్కొక్కరే పడ్డారు. సెల్వి నా వెనక నిలబడి గాయాలకు కట్లు కట్టింది. "బాగా నిలబడితివి సామీ" అన్నాడు రెడ్డెప్ప, ఎత్తిపొడుపు లేకుండా. అంత సిగ్గుపడుతూ గెలిచిన గెలుపు నా జన్మలో లేదు. అక్క సమోసా పళ్ళెం అతని ముందుకు తోసింది.

అక్క ఇప్పుడు లేదు. నేను కుప్పంలో డిగ్రీ పిల్లలకు ఆట నడుపుతున్నాను. ఒకమ్మాయి ప్రతి పోట్లాటలోనూ చెట్టెక్కి బాణాలేస్తుంది. ఇప్పటికీ ముందు ఆ చెట్టును కూలగొట్టాలనే అనిపిస్తుంది నాకు, బుద్ధి ఎక్కడికి పోతుంది? గొంతు సవరించుకుని, "చెట్టు మీదికి ఎక్కితే నీకేం కనిపిస్తుందమ్మా?" అని అడుగుతాను. ఆ ఒక్క ప్రశ్న అక్క నాకిచ్చి పోయింది.

అక్క తన నోటితో చెప్పనన్న సారీని నేనూ ఇంతవరకూ చెప్పలేదు. రెడ్డెప్ప పుంగనూరు నుంచి అప్పుడప్పుడూ ఫోను చేస్తాడు. ఆ రోజు సంగతి ఎత్తబోతానని నా గొంతులోనే పసిగడతాడు కాబోలు, "వానలు ఎట్లుండాయి సామీ ఆడ?" అని మాట మార్చేస్తాడు. నాకు సిగ్గు తగలకుండా అక్కడ కూడా వాడే అడ్డం నిలబడతాడు.