యాదవ్వ సీసాలోని జనం

యాదవ్వ ఆవకాయ సీసాలో దయ్యాన్ని పెంచుతోందని నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో చెప్పుకునేవాళ్ళు. శ్మశానం నుంచి నీళ్ళు తెస్తుందట, రోజూ నాలుగు బియ్యపు గింజలు మేపుతుందట. నాలుగు గింజలతో సరిపెట్టుకునే దయ్యం ఏపాటిదో ఎవరూ ఆలోచించలేదు.

యాదవ్వ ఆబిడ్స్‌లో ఒక కాలేజీ ల్యాబు అటెండరు. ప్రాక్టికల్ పరీక్షలకు బతికున్న సూక్ష్మజీవులను పెంచి ఇవ్వడం ఆమె పని. మామిడిపండ్ల బుట్టలో వచ్చిన ఎండుగడ్డిని మరిగించి, చల్లార్చి, గరిటెడు పాత నీళ్ళు కలిపి వారం పాటు వదిలేస్తే అవే పుట్టలుపుట్టలుగా పెరుగుతాయి. ల్యాబులో ఉంచితే ఊడ్చే మనిషి చల్లే ఫినాయిల్‌కి అన్నీ చస్తాయి. అందుకే ఇంట్లో పెట్టుకుంది. కంపు మాత్రం గల్లీ అంతా తిరిగొచ్చింది.

పరీక్ష రెండు రోజులుందనగా ఇంటి ఓనరు అనసూయమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"సీసా పారబోస్తవా, రూము ఖాళీ చేస్తవా?"

యాదవ్వ రోజులు లెక్కపెట్టుకుంది. మళ్ళీ పెంచాలంటే వారం కావాలి. పారబోస్తే పిల్లలు ఉత్త నీటిచుక్కను చూసి బొమ్మ గీయాలి.

"ఒక్కసారి మా ల్యాబుకు రాండ్రి అమ్మా. చూసినంక మీరెట్లంటే అట్ల."

దయ్యాన్ని చూడాలని అనసూయమ్మకూ ఉంది. ఇస్త్రీ చీర కట్టుకుని, సీసాకు ఆమడ దూరంగా ముడుచుకుని ఆటోలో కూర్చుంది.

మైక్రోస్కోపులో చెప్పు ఆకారంలో ఏదో, రైలు తప్పిపోతున్నట్టు ఉరికింది.

"గిదేందే?"

"పారమీసియం. ఒళ్ళంతా ఒక్కటే కణం. గందుకే ఏకకణ జీవి అంటరు."

"గంతేనా? మరి తినుడు?"

"దానికీ నోరున్నదమ్మా."

"పిల్లలు?"

"నడుమకు రెండు ముక్కలైతది. ఒకటి పోయి రెండైతయి."

"మొగుడు లేకుండనే?"

"శానాసార్లు అక్కర పడదు."

అనసూయమ్మ చాలాసేపు కన్ను తియ్యలేదు. "మా పెద్దాయన కంటే నయమే. కదులుతనన్నా ఉన్నది" అంది.

తిరుగు ఆటోలో సీసాను తనే ఒళ్ళో పెట్టుకుంది. "ఉండనియ్యి. జర మూత పెట్టుకో. నిజం చెప్పు, శ్మశానం నీళ్ళేనా?"

"కాదమ్మా" అని యాదవ్వ రోడ్డు వైపు తిరిగింది.

పరీక్షలో పిల్లలందరూ చెప్పు బొమ్మ గీశారు. గల్లీలో శ్మశానం కథ ఇంకా నడుస్తూనే ఉంది.

ఆ గరిటెడు పాత నీళ్ళు అనసూయమ్మ డాబా మీద మూత పగిలిన ట్యాంకులోవి.