గౌరికి కుదిరిన మేనరికం

నేను రిటైరవడానికి రెండేళ్ళ ముందు, మామిడి పూత రాలి పిందె కట్టే రోజుల్లో, నన్ను నూజివీడు పంపించారు. అప్పట్లో హైదరాబాదు శివార్లలో ఒక పందెం గుర్రాల పెంపకం కేంద్రంలో వంశావళి సలహాదారుగా ఉండేవాణ్ణి. చదివింది పశువైద్యం. చేసిన పని మాత్రం, ఏ ఆడ గుర్రానికి ఏ మగ గుర్రాన్ని జతచేస్తే పరిగెత్తే పిల్ల పుడుతుందో చెప్పడం.

హనుమాన్ జంక్షన్‌లో బస్సు దిగేసరికి రాఘవయ్య గారు కారుతో సిద్ధంగా ఉన్నారు. ఆయన మామిడి రైతు. పందేల నుంచి విరమించిన ఒక థరోబ్రెడ్ జాతి ఆడ గుర్రాన్ని వేలంలో కొని తోటలో కట్టేశారు. కాగితాల మీద దానికో పొడుగాటి ఇంగ్లీషు పేరుంది. ఇంట్లో మాత్రం గౌరి. వయసు మీద పడుతోంది. ఆ సీజను దాటితే మళ్ళీ చూలు నిలుస్తుందన్న నమ్మకం నాకు లేదు.

దారిలో ఆయన ఒకటే సందేహం పట్టుకున్నారు. "మా చిన్న రసం అంటు తీసుకెళ్ళి చింతలపూడి అవతల పెడితే ఈ తీపి రాదండీ. మరి దీని తాతది ఐర్లండు అంటున్నారు, ఆ రక్తం ఇక్కడ పనిచేస్తుందా?"

మంచి ప్రశ్నే. వేగం రక్తంలో వస్తుంది, ఎముక మేసిన నేలను బట్టి గట్టిపడుతుంది అని చెప్పాను. ఐర్లండు పచ్చికలో సున్నం ఎక్కువ. అందుకే పిల్లను తల్లి పాలు మాన్పించాక, ఈ ఉక్కపోతలో ఉంచకుండా మా కేంద్రంలో సున్నం కలిపిన మేతతో పెంచుదామన్నాను. ఆయన తృప్తిపడ్డారు. చిక్కు ఇంటికెళ్ళాక వచ్చింది.

భోజనాల బల్ల మీద వంశవృక్షం పరిచాను. గౌరి తండ్రికి తండ్రి ఐర్లండు నుంచి వచ్చిన పేరున్న గుర్రం. నేను ఎంచిన పంజాబు మగ గుర్రానికి కూడా తండ్రి వైపు తాత ఆయనే. పుట్టబోయే పిల్లకు రెండు వైపులా మూడో తరంలో ఒకే పూర్వీకుడు. కాస్త దగ్గరే, కానీ వేగాన్ని పట్టి నిలపడానికి మా వృత్తిలో తెలిసి చేసే పనే.

రాఘవయ్య గారి భార్య సావిత్రమ్మ గారు పప్పు వడ్డిస్తూ ఆ కాగితం మీదికి వంగారు. నూజివీడు నుంచి బాపులపాడు దాకా ఆవిడ కుదిర్చిన పెళ్ళిళ్ళు చాలానే ఉన్నాయని తర్వాత తెలిసింది. వేలు పెట్టి రెండు గీతలూ పైదాకా చూశారు. గరిటె గిన్నెలో పెట్టేశారు.

"ఇదేంటండీ డాక్టరు గారూ? వీళ్ళిద్దరూ అన్నదమ్ముల పిల్లలు. అన్నాచెల్లెళ్ళవుతారు!"

నేను వృత్తి మర్యాద ప్రకారం వివరించాను. ఒక మగ గుర్రానికి ఏటా ఎన్నో పిల్లలు. కాబట్టి తల్లి ఒకటైతేనే మేము తోబుట్టువులంటాం, తండ్రి ఒకడైతే ఆ మాట వాడం.

"తండ్రి ఒకడైతే అన్నదమ్ములు కారా? ఏ ఊరి న్యాయమండీ అది?"

"అది గుర్రమే సావిత్రీ," అన్నారు రాఘవయ్య గారు నెమ్మదిగా.

"రేపు మన ఇంటి పేరు మీద పరిగెత్తేది కదా! సగోత్రం నేను ఒప్పుకోను."

గుర్రం కొన్నది ఆయన. తోట మాత్రం ఆవిడ పుట్టింటివారిచ్చింది. ఆయన నా వైపు చూసి పప్పు కలుపుకున్నారు. అంతలో మా మేనేజరు ఫోను: పంజాబు గుర్రానికి ఈ ఏటి జతలు దాదాపు నిండిపోయాయి, సాయంత్రంలోగా తేల్చమన్నారు. తేలలేదు. ఆ జత పోయింది.

మర్నాడంతా మామిడి చెట్ల కింద మంచం వేసుకుని వంశావళి పుస్తకాల్లో వెతికాను. చివరికి పుణె దగ్గర ఒక మగ గుర్రం దొరికింది. దాని తల్లి, ఆ ఐర్లండు తాత కూతురు. అంటే గౌరి తండ్రికి చెల్లెలి వరస. మళ్ళీ రెండు వైపులా మూడో తరమే, రక్తం లెక్క అణువంత కూడా మారలేదు. కాగితం తీసుకెళ్ళి సావిత్రమ్మ గారికి చూపించాను.

ఆవిడ ముఖం విప్పారింది. "మేనత్త కొడుకు! బావ! ఇది ముందే చెప్పొచ్చు కదండీ?"

మరో అభ్యంతరం మిగిలింది. గౌరిని పుణె దాకా పంపడమెందుకు, గేదెలకు చేసినట్టు ఇక్కడే సూదితో కానివ్వొచ్చుగా అన్నారు. థరోబ్రెడ్‌లలో కృత్రిమ గర్భధారణతో పుట్టిన పిల్లను పందెం గుర్రంగా నమోదు చెయ్యరని చెప్పాను. "పోనీలెండి, పద్ధతి ఉన్నవాళ్ళే," అన్నారు.

గౌరితో పాటు నేనూ పుణె వెళ్ళాను. అక్కడ ముందు టీజరును చూపిస్తారు. టీజరంటే, ఆడ గుర్రం ఎదకు వచ్చిందో లేదో తెలుసుకోవడానికి చెక్క అడ్డుకు అవతల నిలబెట్టే మామూలు మగ గుర్రం. దాని పని అంతవరకే. గౌరి దాన్ని చూసి మెడ చాచి మురిసిపోయింది. బావను తీసుకురాగానే వెనక్కాళ్ళతో తన్నింది. బావకు తప్పింది, నీళ్ళ బకెట్టుకు తగిలింది.

నూజివీడుకు ఫోను చేశాను. సావిత్రమ్మ గారే ఎత్తారు.

"పిల్లకు ఇష్టం లేదేమోనండీ?"

"ప్రయాణం బడలికండీ. ఎద ఇంకా పూర్తిగా రాలేదు."

"మరి ఆ మొదటాయనెవరు?"

"టీజరండీ. ఆయన పుట్టుపూర్వోత్తరాలు ఎవరికీ తెలియవు."

"అయితే ఆయన్ని దూరంగా కట్టెయ్యమనండి. మనం ఆగుదాం," అన్నారు.

ఆగాం. రెండోసారి గౌరి బుద్ధిగా నిలబడింది. చూలు నిలిచింది. పదకొండు నెలలకు ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్ల పరుగుకు వచ్చేనాటికి నేను రిటైరయ్యాను. రాఘవయ్య గారు పిలిచినప్పుడల్లా హైదరాబాదు మైదానానికి వెళ్ళాను. మొదటి పందెంలో అందరికంటే వెనక వచ్చింది. మూడోదాంట్లో, చిన్న తరగతి పందెమే గానీ, మెడంత తేడాతో గెలిచింది. రాఘవయ్య గారు కుర్చీ ఎక్కి అరిచారు. సావిత్రమ్మ గారు మాత్రం నా వైపు తిరిగి, "మేనరికం ఊరికే పోదండీ," అన్నారు.

పంజాబు జత చేసినా లెక్క ప్రకారం ఇలాంటి పిల్లే పుట్టేదని చెప్పబోయి ఊరుకున్నాను. సలహాదారుకు రక్తం లెక్క రావాలి, అది మొదటి అర్హత. ఆ లెక్కలో రెండు జతలు సమానంగా తేలినప్పుడు ఇంటివాళ్ళకు నచ్చిన జతను ఎంచాలి. ఈ రెండో సంగతి నేను చదివిన ఏ పాఠంలోనూ లేదు. నూజివీడులో పప్పన్నం ముందు కూర్చుని నేర్చుకున్నాను.